సంచీకి ఐదు గుండీలు

జనవరి 8

ఒరేయ్ తమ్ముడూ,

ఉత్తరమేమిటి, ఫోను చెడిపోయిందా అని కంగారుపడకు. ఫోను భేషుగ్గా ఉంది. నీతో ఫోనులో మాట్లాడే ఓపికే చచ్చింది. నేను పావుగంట చెబితే నువ్వు "ఊఁ" అంటావు, ఆ తర్వాత "సరే" అంటావు, ఆపైన మిషను మీద పేషెంటు ఉన్నాడంటావు. కాగితానికి ఊఁ కొట్టలేవు కదా. కూర్చుని రాయాల్సిందే.

నీ మేనకోడలు ఉడతకి ఆరున్నరేళ్లు నిండాయి. పుట్టిన పదో రోజున దాని చెవి వెనక పెట్టిన వాల్వూ, తలలో చేరే నీటిని పొట్టలోకి దింపే గొట్టమూ బుద్ధిగా పనిచేస్తున్నాయి. బుద్ధి లేనివి దాని వేళ్లే. నడుస్తుంది, అరుస్తుంది, నాకు ఎదురు చెబుతుంది, చేతికేమిచ్చినా కిందపడేస్తుంది.

మా వీధి చివర బడికి తీసుకెళ్లాను. హెడ్‌మిస్ట్రెస్ గారు మంచావిడే గానీ మాట కరుకు. "జూన్‌లో తీసుకుంటాను. కానీ బాత్రూముకి వెళ్తే బట్టలు తనే విప్పుకుని, గుండీలు తనే పెట్టుకుని రావాలి. నలభైమంది పిల్లలకి నాకున్నది ఒక్క ఆయా" అన్నారు. గుండీలు రాకపోతే ఊరికి అటు చివరున్న ప్రత్యేక బడికి పంపాలి. చూసొచ్చాను. శుభ్రంగానే ఉంది, కానీ మాట్లాడే పిల్లలు తక్కువ. దీనికేమో రోజూ ఎవరితోనైనా పోట్లాడకపోతే అన్నం అరగదు.

అందుకే ఆసుపత్రి పెద్ద డాక్టరు పరిశోధనలో చేర్చాను. ఇలాంటి పిల్లలు ఇరవైమందికి తలా ఒక ట్యాబ్ ఇచ్చారు. మూడు నెలలపాటు రోజూ అరగంట దానిమీద వేళ్లతో ఆటలాడించాలి. ముందొక స్కాను, తర్వాతొక స్కాను. చేతులే కాదు, మెదడే మారుతుందట! మొదటి స్కాను పోయిన వారమే అయింది. కాగితాల్లో మన ఉడత పేరు లేదు, పదకొండో నంబరని ఉంది.

మెదళ్ల ఫొటోలు తీసే ఉద్యోగం చేస్తున్నావు కదా, నీ అభిప్రాయం రాయి.

కుట్టుమిషను ఆపి మరీ రాసిన
నీ అక్క


జనవరి 19

అక్కా,

ఊఁ.

కాగితం మీద కొట్టలేనన్నావని కొట్టి చూపించాను. ఇక అసలు సంగతి.

పదహారేళ్లుగా నేనా మిషను నడుపుతున్నాను. మీ పెద్ద డాక్టరు రేపు నీకు ఎరుపు, పసుపు మచ్చలున్న మెదడు బొమ్మలు చూపిస్తాడు. నువ్వు కళ్లు తుడుచుకుంటావు. ఆ రంగులు ఉడత తలలో ఉండవక్కా, మేం వేస్తాం. కంప్యూటర్లో ఒక మీట నొక్కితే ఎరుపు, ఇంకోటి నొక్కితే ఆకుపచ్చ. ఉన్న రంగుతో చూపిస్తే బూడిదరంగు, ఎవరూ చప్పట్లు కొట్టరు. మా దగ్గర కూడా ఒక పెద్దాయన ఉన్నాడు. బొమ్మ ఎంత ఎర్రగా ఉంటే ఆయన మొహం అంత వెలుగుతుంది.

మొదటి స్కానులో ఉడత కదిలిందా? అది రాయి. కదిలితే బొమ్మ చెదిరిపోతుంది.

ఇప్పుడు రాసేది ఎగతాళి కాదు. ఆ ట్యాబ్‌కి తెరిచి మూసే అట్ట ఉందా? అది టప్పుమని అతుక్కుంటుంటే లోపల అయస్కాంతం ఉన్నట్టే. ఉడత వాల్వుని డాక్టర్లు బయటినుంచి అయస్కాంతంతోనే సరిచేస్తారు. దానిమీద చెవి ఆనించి పడుకుందంటే, వాల్వు ఎంత నీరు వదలాలన్న లెక్క తారుమారవ్వచ్చు. మా స్కాను మిషనూ పెద్ద అయస్కాంతమే, కానీ స్కాను కాగానే డాక్టర్లు వాల్వు మళ్లీ చూసి సరిచేస్తారు; ఇంట్లో చూసేవాళ్లెవరు? ఆ అట్ట ఇవాళే తీసెయ్. ట్యాబ్ బల్లమీద పెట్టే ఆడించు, తల దగ్గరికి రానివ్వకు. ఆసుపత్రివాళ్లకీ చెప్పు.

బావని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు


జనవరి 31

మహానుభావా,

నీ ఊఁ అందింది. ఫ్రేము కట్టించి కుట్టుమిషను పైన తగిలిద్దామనుకుంటున్నాను.

అట్ట సంగతి ఆసుపత్రిలో చేతుల టీచరుతో చెప్పాను. ఉడతకి వేళ్ల పనులు నేర్పే అమ్మాయికి అది పెట్టుకున్న పేరు. ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. అప్పటికప్పుడు ఇరవై ట్యాబ్‌ల అట్టలూ ఊడదీయించింది, ఇరవైమంది వాల్వులూ చూపించింది. అందరివీ సరిగానే ఉన్నాయి. మర్నాడు మీటింగులో పెద్ద డాక్టరు గారు అదంతా తానే కనిపెట్టినట్టు చెప్పారట.

అట్ట లేకపోతే గాజు పగులుతుందని పాత కోటు గుడ్డతో సంచీ కుట్టాను. ఐదు పెద్ద కోటు గుండీలు, బిగుతుగా కాజాలు. ఎందుకంటే అరగంట అవగానే ట్యాబ్ లాక్కుంటే ఉడత ఇల్లు పీకి పందిరేస్తోంది. ఇప్పుడు సంచీలో పెట్టి ఐదు గుండీలూ పెట్టేసి వెనకగదిలో కుర్చీకి తగిలిస్తాను. తాళం వేసినట్టే. ఉడత వాటిని జన్మలో తీయలేదు. నేను ముందుగదిలో నిశ్చింతగా కుట్టుకుంటాను.

నువ్వడిగావు కాబట్టి చెబుతున్నాను, మొదటి స్కానులో చేపపిల్లలా కొట్టుకుంది. ఆరేళ్ల పిల్లని గొట్టంలో పెట్టి గణగణ మోగిస్తే కదలదా?

ఇక రంగుల సంగతి. నువ్వు కొత్తగా ఏమీ మాట్లాడలేదురా. ఆరున్నరేళ్ల కిందట దీని మొదటి ఫిల్ము కిటికీ వెలుగులో పట్టుకుని ఏమన్నావో గుర్తుందా? "ఇక్కడ మెదడు అంచులా మిగిలిందక్కా. దీని చేతులమీద ఆశలు పెట్టుకోకు" అన్నావు. అప్పటికి నేను కని పన్నెండు రోజులు. ఆ రోజు నుంచే నీతో ఫోనులో మాట్లాడాలంటే నాకు ఆ మాటే వినిపిస్తుంది. ఓపిక లేదని రాసింది అబద్ధం. ఇప్పుడు ఎవరో ఒకాయన మారుతుందంటే దానికీ వెక్కిరింతేనా? అది బాగుపడటం నీకిష్టం లేదా?

అక్క


ఫిబ్రవరి 14

అక్కా,

ఫిల్ము సంగతికి జవాబు రాయబోయి మూడు కాగితాలు చింపాను. ఇప్పటికి వదిలెయ్.

ఆటలేమిటో రాయనేలేదు. ఇక్కడ నా స్నేహితుడి చేత ఇలాంటి పిల్లలకి ఇచ్చే ఆటలు తెప్పించి చూశాను. పండ్లు వేలితో లాగి బుట్టలో వెయ్యాలి. నేను కూర్చుని నాలుగు బుట్టలు నింపాను, నా మెదడేమీ మారినట్టు అనిపించలేదు. అద్దం మీద పండుకి బరువుండదు, జారదు, కిందపడితే దొర్లదు. దాని వేళ్లకి కావలసింది దొర్లేవీ జారేవీ కదా?

ఇంకో మాట. నువ్వు ఈ రెండేళ్లలో పంపిన ఫొటోలన్నీ బల్లమీద పరిచి చూశాను. దర్జీ కూతురు! ఒక్క గౌనుకి ఒక్క గుండీ కనపడలేదు. అన్నీ ఎలాస్టిక్కే. ఎందుకని?

తమ్ముడు


మార్చి 3

తమ్ముడికి,

ఎందుకంటే చెబుతాను విను. దాని నాలుగో పుట్టినరోజుకి ముందువైపు ఆరు గుండీలతో గౌను కుట్టాను. "నేనే పెట్టుకుంటా" అని కూర్చుంది. వచ్చినవాళ్లంతా ముందుగదిలో ఎదురుచూస్తున్నారు. నలభై నిమిషాలు కుస్తీ పట్టి, ఒక్కటీ పడక, మొహం ఎర్రబడేలా ఏడ్చి, గౌను తీసి విసిరికొట్టింది. మర్నాడు కత్తెర తీసుకుని ఇంట్లో దాని బట్టలకున్న గుండీలన్నీ తెంపేశాను. దాన్ని మళ్లీ అలా ఏడవనివ్వలేను. అంతే.

ట్యాబ్ మీద పండ్లాటలో మాత్రం అది రాణి. నిమ్మకాయంత బొమ్మని చిటికెనవేలితో లాగుతుంది. నిజం నిమ్మకాయ ఇస్తే బల్లకిందే వెతుక్కోవాలి. అక్కడిదాకా నీ మాట నిజమే, సంతోషించు.

ఇప్పుడు ఇంట్లో పెద్ద గొడవ. ట్యాబ్ ఎంతసేపు ఆడారో దానంతటదే రాసుకుంటుందట. చేతుల టీచరు చూసి "రోజూ గంటన్నర ఆడిస్తున్నారే! మీ పట్టుదలకి మెచ్చుకోవాలి" అంది. నేనిచ్చేది అరగంటే. మిగతా గంట ఎవరు? ఇంట్లో ఉన్నది ముగ్గురం. ఉడత గుండీలు తీయలేదు. నేను మిషను మీద ఉంటాను. బస్సు డ్యూటీ దిగి వచ్చి, వెనకగదిలో కాళ్లు చాపుకునేది మీ బావ! పైగా నిన్న చూస్తే సంచీకి రెండు గుండీలే పెట్టి ఉన్నాయి, మూడు ఊడి వేలాడుతున్నాయి. "తీసినాయన పెట్టలేరా?" అని నిలదీశాను. "నేను దాన్ని ముట్టుకోనే లేదే!" అని ఒంటికాలి మీద లేచారు. నలభై ఏళ్ల మనిషికి పండ్లాట!

బడి సంగతికి నేనొక ఉపాయం చేశాను. గౌను ముందువైపు వరసగా నాలుగు గుండీలు కుట్టేస్తాను, ఊరికే పైకి కనబడ్డానికి. లోపల వెల్‌క్రో. కాజాలుండవు. పట్టీని లాగితే వస్తుంది, నొక్కితే అతుక్కుంటుంది. హెడ్‌మిస్ట్రెస్ గారు అల్లంత దూరం నుంచి చూస్తే గుండీలు పెట్టుకున్నట్టే ఉంటుంది. ఎలా ఉంది?

అక్క


మార్చి 12

అక్కా,

ఉపాయం దివ్యంగా ఉంది. మా పెద్దాయన మెదడుకి రంగులేసినట్టే, నువ్వు గౌనుకి గుండీలేస్తున్నావు. ఇద్దరికీ ఒకే సన్మానం చేయించవచ్చు.

ఆ గౌను ఒక్కరోజు గట్టెక్కిస్తుంది. రెండో రోజు నుంచి ఏం చేస్తావు? బడివాళ్ల యూనిఫారానికి కాజాలుంటాయి. వద్దక్కా.

బావ విషయంలో మాత్రం నీ వైపే నేను. మా డిపార్ట్‌మెంట్లో ఒకాయన తలుపేసుకుని ఆడేది ఇదే. బావకి పండ్లు అందకుండా చూడు.

తమ్ముడు


ఏప్రిల్ 20

తమ్ముడూ,

రెండో స్కాను అయింది! నువ్వెంత ఏడిపించినా రాస్తాను. ఈసారి ఉడత కదల్లేదు. శిలలా పడుకుంది. బయటికొచ్చి "అయిపోయిందా?" అనడిగింది.

నిన్న పెద్ద డాక్టరు గారు హాల్లో మీటింగు పెట్టారు. తెరమీద ఇరవై మెదళ్లు. ఉడతది ఇంత పెద్దది చేసి, ముందు ఇలా, తర్వాత ఇలా అని చూపించారు. చెయ్యి ఆడించేచోట ఎర్రగా వెలిగింది. అందరూ చప్పట్లు. "పదకొండో నంబరు మా ఆణిముత్యం" అన్నారు. ఉడత నా చెవిలో "ఆయనకి నా పేరు తెలీదా?" అంది. తర్వాత మంచినీళ్లు కావాలంది. నీళ్లు దొరికేసరికి ఫొటో టైమయింది. మమ్మల్ని పక్కన నిలబెట్టి ఫొటో తీశారు. సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. ట్యాబ్ జూన్ ఆఖరుదాకా ఉంచుకోమన్నారు.

రంగులు మీరే వేస్తారని తెలిసీ ఏడ్చానురా. ఏం చెయ్యను?

మీ బావ ఆట మానలేదు. ట్యాబ్ రోజూ రెండు గంటలు చూపిస్తోంది. కాకపోతే ఈమధ్య ఐదు గుండీలూ బుద్ధిగా పెట్టేస్తున్నారు, తిట్లకి ఆమాత్రం ఫలితం దక్కింది. నా కాజాలు మాత్రం వదులైపోయాయి. నాతో మాట్లాడటం మానేసి పన్నెండు రోజులైంది.

బొమ్మల కాపీలు పెడుతున్నాను. చూసి నిజం రాయి.

అక్క


ఏప్రిల్ 29

అక్కా,

నిజం రాయమన్నావు. రాస్తున్నాను, చింపెయ్యకు.

మొదటి బొమ్మ చెదిరింది, ఎందుకంటే ఉడత కదిలింది. రెండోది శుభ్రంగా ఉంది, ఎందుకంటే కదల్లేదు. రెండింటికీ ఉన్న తేడాలో మెదడు మారిన వంతు ఎంతో, భయం తగ్గిన వంతు ఎంతో నేను చెప్పలేను. మీ పెద్ద డాక్టరూ చెప్పలేడు, కానీ చెబుతాడు. నిజంగానే మారి ఉండొచ్చు. ఆ ఆటలు నిజంగానే మేలు చేసి ఉండొచ్చు. లేదని నేననను. ఈసారి ఏదీ అనను.

బొమ్మని పక్కనపెట్టు. గుండీ పెడుతోందా లేదా?

తమ్ముడు


జూన్ 5

ఒరేయ్,

ఈ ఉత్తరం నువ్వొక్కడివే ఉన్నప్పుడు చదువు. అక్క పరువు పోయిన కథ ఇది.

నీ ప్రశ్నకి నాకు ఒళ్లు మండింది. జవాబు లేదు కనక మండింది. జవాబు రాయకుండా కూర్చుని దొంగ గుండీల గౌను పూర్తి చేశాను. వెల్‌క్రో ఎలా లాగాలో, ఎలా నొక్కాలో ఉడతకి వారం రోజులు నేర్పించాను. నిన్న బడికి వెళ్లాం. భుజానికి ట్యాబ్ సంచీ, చేతిలో సర్టిఫికెట్, ఎర్ర మెదడు బొమ్మ.

హెడ్‌మిస్ట్రెస్ గారి బల్లమీద బొమ్మ పరిచి మొదలెట్టాను. ఆవిడ చెయ్యెత్తి ఆపారు. "మెదడు నాకెందుకమ్మా? నేను చూసేది బయట ఉన్న పిల్లని" అని ఉడత వైపు తిరిగి, "ఏదీ తల్లీ, గుండీలు విప్పి మళ్లీ పెట్టు" అన్నారు.

ఉడత వెల్‌క్రో ముట్టుకోలేదురా. మొదటి గుండీ పట్టుకుంది. తిప్పింది, వంచింది, వెనకాల వేలు పెట్టి కాజా కోసం వెతికింది. నేను కళ్లతో సైగలు చేస్తున్నాను, నా వైపు చూడదే! రెండోదానికి పోయింది, మూడోదానికి పోయింది. నాలుగో పుట్టినరోజు మళ్లీ వచ్చినట్టయింది నాకు. అప్పుడు అది తలెత్తి, ఏడవలేదు, కోప్పడింది.

"అమ్మా! వీటికి కాజాలు కుట్టడం మర్చిపోయావు!"

ఇరవై రెండేళ్లుగా కుడుతున్నాను, ఆ మాట నన్ను ఎవరూ అనలేదు. ఆవిడ లేచొచ్చి గౌను పట్టీ పట్టుకుని లాగారు. చర్రుమంది. "మీరు దర్జీ కదూ?" అన్నారు. అవునన్నాను. "పిల్ల పరీక్ష ఇంకా అవలేదు. మీరు తప్పారు" అన్నారు. తల తీసేసినట్టయింది. కాగితాలు సర్దుకోబోయాను.

ఉడత నా భుజం మీద సంచీ లాగింది. "దీనికి కాజాలున్నాయి" అని నేలమీద చతికిలబడి, ఐదు గుండీలూ తీసింది. ట్యాబ్ బయటపెట్టింది. మళ్లీ లోపల పెట్టి ఐదూ పెట్టేసింది. ఒక్కటి జారితే నాలుక బయటపెట్టి మళ్లీ పట్టుకుంది. ఎంతసేపు పట్టిందో నాకు తెలీదు, నాకేమీ కనపడలేదు. ఎవరు నేర్పారని ఆవిడ అడిగారు. "ఎవరూ లేరు. అమ్మ మిషను మోగుతుంటే ఆడుకుంటాను. మిషను ఆగితే అమ్మ వస్తుంది. అమ్మ వచ్చేలోపు మూసెయ్యాలి. మొదట్లో రెండే పెట్టేదాన్ని, నాన్నని తిట్టింది" అంది.

వింటున్నావా? మార్చిలో రెండు గుండీలు, ఏప్రిల్లో ఐదు. పరిశోధన అంతా నా కళ్లముందే జరిగింది, నేను మాత్రం మీ బావ నేరం లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. బడిలో చేర్చుకున్నారు. నిజం గుండీలతో, నిజం కాజాలతో యూనిఫారం కుట్టుకు రమ్మన్నారు.

మీ బావకి క్షమించమని చెప్పాను. ఆయన "ఊఁ" అన్నారు. మీ మగవాళ్లందరికీ కలిపి ఒకటే అక్షరం. చేతుల టీచరు సంగతంతా విని, ఎగిరి గంతేసి, సంచీ గురించి ఫైల్లో రాసింది. పెద్ద డాక్టరు గారు "సంచీ మన పథకంలో లేదు" అని కొట్టేశారట.

ఇంకొక్కటి రాసి ఆపేస్తాను. కిటికీ దగ్గర నువ్వు ఒక్కసారి అన్న మాటకి ఆరున్నరేళ్లు నిన్ను తిట్టుకున్నాను. నేను మాత్రం ఏం చేశాను? అది తీయలేదని నమ్మి, ఆ నమ్మకంతోనే తాళం కుట్టాను. నువ్వు నోటితో అన్నది నేను రోజూ ఐదు గుండీలు పెట్టి అన్నాను. నువ్వు అన్నందుకు బాధపడ్డావు. నాకు అంటున్నానని కూడా తెలీలేదు.

నీ అక్క


జూన్ 13

అక్కా,

నీ ఉత్తరం స్కాను గది బయట బల్లమీద కూర్చుని చదివాను. స్కానుకి వచ్చినాయన రెండుసార్లు పిలిచాడు, వినపడలేదు.

ఫిబ్రవరిలో చింపిన కాగితాల్లో ఏముందో ఇప్పుడు రాస్తాను. ఆ రోజు ఫిల్ములో ఉన్నది చెప్పాను. అక్కడితో ఆగాల్సింది. ఫిల్ములో లేనిది కూడా చెప్పాను. దాని చేతులు ఏం చేస్తాయో ఏ ఫిల్ములోనూ ఉండదని నాకప్పుడే తెలుసు. తెలిసినవాడిలా కనపడాలనిపించింది. ఆ తర్వాత మీ ఇంటికి రావడానికి మొహం చెల్లలేదు. ఫోనులో ఊఁ తప్ప ఇంకేం మాట్లాడాలో తోచేది కాదు. నన్ను క్షమించక్కా.

బావకి కూడా క్షమాపణ చెప్పు. పండ్ల దొంగ అన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇరవయ్యో తేదీ పొద్దున బస్సుకి వస్తున్నాను. ఉడతకి నేనెవరో తెలీదు కదా, గుర్తుపట్టడానికి ఒక గుర్తు చెప్పు. పొడుగాటి తెల్లకోటు, ముందువైపు ఆరు గుండీలు, బిగుతు కాజాలు. అది నువ్వు కుట్టింది కాదు, కాబట్టి అన్నీ నిజంవే. గుమ్మంలోకి రాగానే ఆ కోటు విప్పే పని ఉడతది. నువ్వు సాయం పట్టకు, కళ్లతో సైగలు చెయ్యకు, నీ మిషను నువ్వు తొక్కుకో. రోజూ పిల్లలకి "కదలొద్దమ్మా" అని చెప్పడమే నా పని. దానికి ఎంతసేపు పట్టినా సరే, నేను గుమ్మంలో నిలబడే ఉంటాను, కదలను.

నీ తమ్ముడు